రోడ్డు వైపు మొక్కలే ఎందుకు గిడసబారిపోతున్నాయి? (బెంగళూరు మారతహళ్లి, రింగ్ రోడ్డు పక్కన)

మేడతోట_మారతహళ్లి | ఆదివారం ఉదయం

అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్ ఔటర్ రింగ్ రోడ్డు సర్వీస్ రోడ్డుని ఆనుకుని ఉంటుంది. పోయిన జూన్‌లో వానలు మొదలవగానే కాంపౌండ్ గోడకి లోపల ఒక వరుస, బయట రోడ్డు వైపు ఒక వరుస మొక్కలు పెట్టాం. కానుగ, వేప, నేరేడు, టబెబుయా. ఒకే నర్సరీ నుంచి ఒకే ఆటోలో వచ్చాయి, ఎత్తు కూడా ఇంచుమించు సమానమే. ఇప్పుడు లోపలివి నా తల దాటాయి. బయటివి నడుము దగ్గరే ఆగిపోయాయి.

బయటి వేప ఆకుని వేలితో రుద్దితే నల్లగా, జిడ్డుగా అంటుకుంటోంది. మామూలు మట్టి దుమ్ములా ఊదితే పోయేది కాదు. కానుగకి కింది ఆకులు పండి రాలిపోతున్నాయి, ఇంకా శివరాత్రి కూడా రాలేదు. నీళ్ళు పోసేది ఒకే మనిషి, ఒకే పైపు.

మా అసోసియేషన్‌లో ఒకాయన "పొల్యూషన్ పీల్చుకోవడానికేగా మొక్కలు పెట్టింది, వాటికి పొల్యూషన్ ఏం చేస్తుంది" అంటారు. బయట వరుస తీసేసి అక్కడ టైల్స్ వేయిద్దామని ఆయన ఉద్దేశం. ఇది నిజంగా గాలి వల్లేనా? తెలిసినవాళ్ళు చెప్పండి.

కడియం_కుర్రాడు | ఆదివారం ఉదయం

అక్కా, గాలి సంగతి తర్వాత. ముందు గుంత సంగతి చెప్పండి. ఎంత లోతు తీశారు? తీసినప్పుడు ఏం బయటికొచ్చింది? పాలీ కవరు పూర్తిగా చింపారా, అడుగు మాత్రం కోసి దింపేశారా?

మా నాన్నది కడియంలో నర్సరీ, చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. కవర్లో ఎక్కువ రోజులు ఉన్న మొక్కకి వేళ్ళు గుండ్రంగా చుట్టుకుపోతాయి. వాటిని విడదీయకుండా పాతితే నేలలో కూడా అలాగే తిరుగుతాయి, ముందుకి పోవు. రోడ్డు పక్కన అయితే అసలు మట్టే ఉండదు, కంకరా సిమెంటు పెళ్ళలే.

మేడతోట_మారతహళ్లి | ఆదివారం మధ్యాహ్నం

తమ్ముడూ, కవర్లు పూర్తిగా తీసేశాం, నేను దగ్గరుండి చూశాను. రెండు వైపులా రెండడుగుల గుంతే. బయట తవ్వినప్పుడు నువ్వన్నట్టే పెళ్ళలు చాలా వచ్చాయి. అవన్నీ ఏరేసి ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి నింపాం. అంటే గుంత వరకు మట్టి ఒకటే, గుంత దాటితే తేడా ఉండొచ్చు.

బోటనీ_మేడమ్ | ఆదివారం రాత్రి

నేను డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్తాను. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

మొక్కకి పొగ ఏం చేస్తుందనే ప్రశ్నకి జవాబు ఆకు పైనే మొదలవుతుంది. మీరు వేలితో రుద్దినప్పుడు అంటుకున్న నల్లటి జిడ్డు డీజిల్ మసి. అది ఎండని ఆకులోకి పోనివ్వదు. నల్లగా ఉంటుంది కాబట్టి ఎండకి ఆకు మామూలుకన్నా ఎక్కువ వేడెక్కుతుంది. ఆకు అడుగున ఉండే పత్రరంధ్రాలు గాలి పీల్చుకోవడానికి తెరుచుకుంటాయి, నీరు ఆదా చేయడానికి మూసుకుంటాయి. వాటి దగ్గర సన్నటి రేణువులు పేరుకుంటే పగలు సరిగ్గా తెరుచుకోవు, రాత్రి సరిగ్గా మూసుకోవు. ఇటు ఆహార తయారీ తగ్గుతుంది, అటు నీరు ఆవిరైపోతూ ఉంటుంది. పీఎం 2.5 అని రోజూ వింటున్నాం కదా, అది 2.5 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంతకంటే చిన్న రేణువు. చాలా మొక్కల్లో పత్రరంధ్రం పొడవు దానికి కొన్ని రెట్లు ఉంటుంది. అంటే లోపలికి పోవడానికి కూడా దారి ఉంది.

ఇక వాయువులు. పాత పాఠ్యపుస్తకాలన్నీ సల్ఫర్ డయాక్సైడ్ చుట్టూనే తిరుగుతాయి. అది పత్రహరితాన్ని చెడగొట్టే మాట నిజమే. కానీ 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్-6 (పొగ తగ్గించే ప్రమాణం) ఇంధనం వచ్చింది, అందులో గంధకం 10 పీపీఎమ్ (పది లక్షల్లో పది వంతులు) మించకూడదు. కాబట్టి ఈరోజు రోడ్డు పక్కన నేను ముందుగా అనుమానించేది నైట్రోజన్ ఆక్సైడ్లని, మసిని, దుమ్ముని. నైట్రోజన్ కదా, ఎరువే కదా అనిపిస్తుంది. కొద్ది మోతాదులో కొంత అలాగే పనికొస్తుంది. ఎక్కువైతే కణాలు దెబ్బతింటాయి. పైగా ఇలాంటి గాలిలో పెరిగే లేత చిగుళ్ళకి పేనుబంక బాగా పడుతుంది. ఒకసారి చిగురు అడుగున తిప్పి చూడండి.

మీ అసోసియేషన్ పెద్దాయనకి ఒక్క మాట చెప్పండి. చెట్టు దుమ్ముని ఆపుతుంది అంటే ఆ దుమ్ము దాని ఆకు మీదే ఆగుతుంది. పెద్ద చెట్టుకి వేలకి వేల ఆకులు, కొన్ని పాడైనా నడిచిపోతుంది. నడుమెత్తు మొక్కకి ఉన్నవే గుప్పెడు ఆకులు, అవి కూడా సరిగ్గా బస్సు సైలెన్సర్ ఎత్తులో.

డేటా_దాసు | సోమవారం ఉదయం

మేడమ్ గారూ, గౌరవంతోనే అడ్డం వస్తున్నాను. 2003లో నేచర్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. కాటన్‌వుడ్ అనే పోప్లార్ జాతి చెట్టు కొమ్మలు, అన్నీ ఒకే క్లోన్‌వి (జన్యుపరంగా అచ్చం ఒకేలాంటివి), న్యూయార్క్ నగరం నడిబొడ్డునా, దూరంగా పల్లెటూళ్ళలోనూ నాటి చూశారు. నగరంలో మొక్కలే రెండింతలు పెరిగాయి! పొగ అంత చేటు చేసేదైతే అలా ఎలా జరిగింది?

ఇంకో సందేహం. మల్లేశ్వరంలో, జయనగర్‌లో నిద్రగన్నేరు చెట్లు ఇదే పొగలో ఆకాశమంత ఉన్నాయి కదా.

బోటనీ_మేడమ్ | సోమవారం మధ్యాహ్నం

మంచి ఉదాహరణ తెచ్చారు. ఆ పరిశోధకులు చివరికి తేల్చింది పల్లెల్లో ఓజోన్ ఎక్కువ, అదే అక్కడి మొక్కల ఎదుగుదలని తగ్గించింది అని. ఓజోన్ ఏ గొట్టం నుంచీ నేరుగా రాదు. వాహనాల నైట్రోజన్ ఆక్సైడ్లు, ఆవిరయ్యే కర్బన పదార్థాలు ఎండలో కలిస్తే పుడుతుంది. నగరం నుంచి గాలి బయటికి వీచేకొద్దీ తయారవుతూ పోతుంది. రద్దీ రోడ్డు మీద మాత్రం అప్పుడే వెలువడిన నైట్రిక్ ఆక్సైడ్ ఆ ఓజోన్‌ని తినేస్తుంది. అందుకని అక్కడ నగరంలో మొక్క ఓజోన్ బారి నుంచి తప్పించుకుంది, పొగ పుట్టించినవాళ్ళ పాపం పల్లె మొక్కలు మోశాయి.

దాన్ని బట్టి నగరం గాలి మొక్కకి మంచిదని కాదు అర్థం. నాకు అర్థమైంది ఇది: ఏ కాలుష్యం ఏ చోట ఎంత ఉందో చూడకుండా "పొల్యూషన్" అని ఒకే గాటన కట్టకూడదు. ఓజోన్ దెబ్బ అయితే ముదురు ఆకుల పైవైపు, ఈనెల సందుల్లో, సన్నటి గోధుమ రంగు చుక్కలు కనిపిస్తాయి. అడిగినావిడ చెప్పిన లక్షణాల్లో అది లేదు.

నిద్రగన్నేర్ల సంగతికి వస్తే, అవి లేతగా ఉన్నప్పుడు ఈ ఊళ్ళో ఎన్ని బండ్లు ఉండేవి? ఇప్పుడు వాటి ఆకులు మూడంతస్తుల పైన ఉన్నాయి, వేళ్ళు ఎక్కడికో పోయాయి. లాల్‌బాగ్ చూసుకున్న జర్మన్ తోటల నిపుణుడు క్రుంబీగల్ ఏడాది పొడుగునా ఏదో ఒక చెట్టు పూస్తూ ఉండేలా ఈ ఊరికి చెట్లు ఎంపిక చేసిన కాలానికీ, ఈరోజు సర్వీస్ రోడ్డులో దిగిన మొక్కకీ పోలికే లేదు.

అనంత_రిటైర్డ్ | సోమవారం రాత్రి

నేను అనంతపురం జిల్లాలో వ్యవసాయ శాఖలో చేసి రిటైర్ అయ్యాను. ఇప్పుడు కొడుకు దగ్గర కేఆర్ పురంలో ఉంటున్నాను. మేడమ్ గారు ఆకు గురించి బాగా చెప్పారు, నేను వేరు గురించి చెప్తాను.

ఆకులో ఆహారం తక్కువ తయారైతే మొక్క ముందు కోత పెట్టేది వేరుకే. జీతం తగ్గిన ఇంట్లో ముందు చీటీ కట్టడం మానేసినట్టు. పైకి చూస్తే నాలుగు చిగుళ్ళు వేస్తూనే ఉంటుంది, బాగానే ఉందనుకుంటాం. మార్చి, ఏప్రిల్ ఎండలకి బండారం బయటపడుతుంది. నీళ్ళు పోసినా తీసుకోవడానికి వేరు చాలదు. అప్పుడు అందరూ "ఎండకి పోయింది" అంటారు. ఎండకే పోతుంది, కాదనను. పోయే స్థితికి తెచ్చింది మాత్రం అంతకు ముందు ఆరు నెలల పొగా దుమ్మూ.

అలాగని ప్రతి ఎండుకొమ్మనీ పొగ ఖాతాలో రాయొద్దు. 2021లో తెలంగాణలో వేప చెట్లు వరసగా ఎండిపోయాయి, గుర్తుందా? అది ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం తెగులు, తోడుగా టీ దోమ అనే రసం పీల్చే పురుగు. అందులో కొమ్మ కొసలు మొత్తం ఒకేసారి మాడినట్టు గోధుమ రంగుకి తిరుగుతాయి. పొగ, దుమ్ము దెబ్బ అలా రాదు. కింది ముదురు ఆకులు ముందుగా పండుతాయి, కొత్త ఆకులు చిన్నవిగా వస్తాయి.

మూడో రకం ఒకటి ఉంది. కొత్త ఆకులే పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము లోపం. మీ దగ్గర్లో కట్టడం పని ఏమైనా జరుగుతోందా అమ్మా?

మేడతోట_మారతహళ్లి | మంగళవారం ఉదయం

పెద్దాయన గారూ, మీరు ఇక్కడికొచ్చి చూసినట్టే చెప్పారు! ఇప్పుడే కిందకి వెళ్ళి చూశాను. బయట వరుసలో తూర్పు చివర ఉన్న నేరేళ్ళకి అచ్చం అలాగే ఉంది, ఆకు పసుపు, ఈనెలు పచ్చ. ఆ చివర పక్క స్థలంలో ఏడాదిగా బిల్డింగ్ లేస్తోంది. ఆ ఆకుల మీద ఉన్నది నలుపు కాదు, తెల్లటి పొర. గోటితో గీకితే పెచ్చులా లేచింది.

అనంత_రిటైర్డ్ | మంగళవారం ఉదయం

సిమెంటు. రాత్రి మంచు పడి తడుస్తుంది, పొద్దున ఎండకి గట్టిపడుతుంది. రోజూ ఒక పొర. అది రాలి మట్టిలో కలిస్తే మట్టి క్షారగుణానికి తిరుగుతుంది. అప్పుడు మట్టిలో ఇనుము ఉన్నా వేరుకి అందదు.

వేరుశెనగలో ఇనుము లోపానికి మేం రైతులకి చెప్పేదే ఇక్కడా పనికొస్తుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, చల్లటి పూట ఆకులు తడిసేలా పిచికారీ చేయండి. వారం తర్వాత ఇంకోసారి. ముందు ఆకు కడిగి ఆ తర్వాతే కొట్టాలి, లేకపోతే మందు సిమెంటు మీద పడుతుంది, ఆకు మీద కాదు. మొదలు దగ్గర పై మట్టి రెండు మూడు అంగుళాలు తీసేసి కొత్త మట్టి, వర్మీకంపోస్ట్ వేయండి. సైటు వాళ్ళని గ్రీన్ నెట్ కట్టి నీళ్ళు చల్లమని అడగండి. ఆ దుమ్ము మీ పిల్లల ఊపిరితిత్తుల్లోకి కూడా పోతుంది, అది వేరే చెప్పక్కర్లేదు.

వైట్‌ఫీల్డ్_బాబాయ్ | మంగళవారం మధ్యాహ్నం

ఇంత తలనొప్పి ఎందుకండీ? కోనోకార్పస్ పెట్టండి. దుమ్ము, పొగ, ఉప్పునీళ్ళు, దేనికీ లొంగదు. ఏడాదిలో గోడలా లేస్తుంది. హైదరాబాద్‌లో మా బావగారి కాలనీ అంతా అవే.

కడియం_కుర్రాడు | మంగళవారం మధ్యాహ్నం

బాబాయ్, వద్దు. ఒకప్పుడు మా నర్సరీలో లారీలకి లారీలు పోయిన సరుకు అది. తెలంగాణలో 2022లో నాటడం ఆపమన్నారు, గుజరాత్ 2023లో నిషేధించింది. పుప్పొడి ఎలర్జీ మీద గొడవ ఉంది, వేళ్ళు పైపుల్లోకీ డ్రైనేజీల్లోకీ పోతాయి. రేపు మీ అపార్ట్‌మెంట్ సంపు పగిలితే ఈ థ్రెడ్‌కే వచ్చి నన్ను తిడతారు.

వైట్‌ఫీల్డ్_బాబాయ్ | మంగళవారం మధ్యాహ్నం

ఎలర్జీ కథలు వాట్సాప్ వాళ్ళు పుట్టించినవి. మా బావగారికి తుమ్ము కూడా రాలేదు.

మోడరేటర్ | మంగళవారం సాయంత్రం

కోనోకార్పస్ మీద ఇప్పటికే ఒక పెద్ద థ్రెడ్ ఉంది, దయచేసి అక్కడ కొట్టుకోండి. తర్వాత వచ్చిన కొన్ని కామెంట్లు అక్కడికి మార్చాను. బావగారి తుమ్ముల ప్రస్తావన కూడా.

డేటా_దాసు | మంగళవారం రాత్రి

ఏ మొక్క తట్టుకుంటుందో చెప్పే లెక్క ఒకటి దొరికింది. ఏపీటీఐ అంటారట, కాలుష్యాన్ని తట్టుకునే సూచిక. సింగ్, రావు అనే ఇద్దరు 1983లో ప్రతిపాదించారు. ఆకులో ఆస్కార్బిక్ ఆమ్లం, మొత్తం పత్రహరితం, ఆకు రసం పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత), ఆకులో నీటి శాతం, ఈ నాలుగూ కావాలి. పత్రహరితాన్నీ పీహెచ్‌నీ కూడి, ఆస్కార్బిక్ ఆమ్లంతో గుణించి, నీటి శాతం కలిపి, 10తో భాగించడం. ఎంత ఎక్కువ వస్తే అంత గట్టి మొక్క. అంటే మనం జలుబుకి వేసుకునే విటమిన్ సి యే మొక్కకీ కవచమా?

బోటనీ_మేడమ్ | మంగళవారం రాత్రి

అవును, అదే విటమిన్ సి. పొగ వల్ల కణాల్లో పుట్టే విష ఆక్సిజన్ రూపాలని అది అణచివేస్తుంది. మా విద్యార్థులు ప్రాజెక్టుకి ఏటా ఈ లెక్కే పట్టుకొస్తారు. మంచిదే, కానీ ఒకే మొక్కకి వానాకాలంలో ఒక అంకె, ఎండాకాలంలో ఇంకో అంకె వస్తుంది. పెద్ద చెట్టు ఆకు కోసి తీసిన అంకె చూసి లేత మొక్కకి భరోసా ఇవ్వలేం. అది ఆకు సంగతి చెప్తుంది, మీ గోడ బయట ఆ వేరు ఎంత దూరం పోగలదో చెప్పదు.

నా అనుభవంలో రోడ్డు పక్కకి కానుగ మంచిది. ఆకు నున్నగా ఉంటుంది, ఒక్క వాన పడితే కడుక్కుపోతుంది. వేప గట్టిదే. గరుకు ఆకులు, నూగు ఆకులు దుమ్ముని బాగా పట్టుకుంటాయి. గాలికి మంచిదే, ఆ మొక్కకి మాత్రం బరువు. బెంగళూరులో ఇంకో ఇబ్బంది ఏమిటంటే డిసెంబరు నుంచి మార్చి దాకా వానలు చాలా తక్కువ. దుమ్ము పేరుకోవడమే తప్ప కడిగేవాడు లేడు.

మేడతోట_మారతహళ్లి | బుధవారం ఉదయం

కడగడం అంటే ఏ నీళ్ళతో మేడమ్? 2024 మార్చిలో నీటి కరువప్పుడు తాగే నీళ్ళు తోటలకి వాడితే 5000 రూపాయల జరిమానా అన్నారు. అప్పటి నుంచి మా వాళ్ళకి పైపు ముట్టుకోవాలంటేనే టెన్షన్. బోరు నీళ్ళు బకెట్ మీద తెల్లగా చార కడతాయి. ఎస్టీపీ నీళ్ళు (మా మురుగునీటిని శుద్ధి చేసినవి) ఉన్నాయి.

కడియం_కుర్రాడు | బుధవారం ఉదయం

ఎస్టీపీ నీళ్ళు మొదలు దగ్గర పోయండి అక్కా, ఆకు మీద వద్దు. ఆకుకి బోరు నీళ్ళు కూడా వద్దు, ఉప్పు చార మిగిలిపోతుంది. పదిహేను రోజులకోసారి వాన నీళ్ళో, ఆర్‌వో కాని మామూలు మంచి నీళ్ళో స్ప్రేయర్‌లో నింపి, పొద్దున్నే ఆకు రెండు వైపులా సన్నటి తుంపరగా కొడితే చాలు. నడుమెత్తు మొక్కకి లీటరు కూడా పట్టదు. ప్రెషర్ వాషర్ పెట్టకండి. ఒక పెద్దమనిషి కారు కడిగే గన్‌తో కొడితే చిగుళ్ళన్నీ రాలిపోవడం నేను కళ్ళారా చూశాను.

మొదలు చుట్టూ టైల్స్ కనీసం ఒక మీటరు మేర వదలాలి. ఢిల్లీలో 2013లో గ్రీన్ ట్రిబ్యునల్ చెట్ల చుట్టూ కాంక్రీటు తీసేయమన్నది కూడా ఆ ఒక్క మీటరే. ఎండాకులు మందంగా పరచండి. మీ గార్డు తుడిచి కాల్చే ఆకులే.

డేటా_దాసు | బుధవారం మధ్యాహ్నం

మేడతోట గారూ, ఒక చిన్న పని చేయండి. బయట వరుసని కాగితం మీద గీసి, ఏ మొక్క ఎంత ఎత్తు, ఆకు మీద నలుపా తెలుపా రాసుకోండి. తూర్పు చివర తెలుపు అన్నారు. నలుపు అంతటా సమానంగా ఉందా, ఒక చోటే ఎక్కువా? రోడ్డు పొగే అయితే వరుస పొడుగునా ఇంచుమించు ఒకేలా ఉండాలి కదా.

మేడతోట_మారతహళ్లి | గురువారం ఉదయం

గీశాను. సమానంగా లేదు! మధ్యలో ఉన్న కానుగలు ఫరవాలేదు, లోపలి వాటికన్నా కొంచెం చిన్నవి అంతే. పడమర వైపు ఉన్న వేపలే మరీ గిడసబారాయి, నల్లటి జిడ్డంతా వాటి మీదే. ఎందుకా అని తలెత్తి చూస్తే మా జనరేటర్ గది. పొగ గొట్టం గోడ మీద నుంచి వంగి, మూతి సరిగ్గా ఆ వేపల మీదికి తిరిగి ఉంది. ఇన్నాళ్ళూ రోడ్డుని తిడుతున్నాం.

అనంత_రిటైర్డ్ | గురువారం ఉదయం

రోడ్డుని తిట్టడం ఆపక్కర్లేదు, మధ్య కానుగలు కూడా లోపలి వాటికన్నా చిన్నవే అన్నారుగా. కానీ ఇది మీ చేతిలో ఉన్న పని.

డేటా_దాసు | గురువారం మధ్యాహ్నం

జనరేటర్ గొట్టం ఎత్తుకి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సూత్రం ఉంది. జనరేటర్ పెట్టిన భవనం ఎత్తుకి, కేవీఏ (జనరేటర్ సామర్థ్యం) వర్గమూలాన్ని 0.2తో గుణించి కలపాలి, వచ్చేది మీటర్లలో. మీది 400 కేవీఏ అనుకుంటే వర్గమూలం 20, అంటే భవనం పైన ఇంకో 4 మీటర్లు ఉండాలి. గోడ మీద నుంచి వంగిన గొట్టం ఏ లెక్కకీ రాదు.

పనిలో పనిగా అసోసియేషన్ మీటింగ్‌కి ఇంకో రెండు విషయాలు పట్టుకెళ్ళండి. పర్యావరణ పరిశోధకురాలు హరిణి నాగేంద్ర బృందం 2013లో మన బెంగళూరు వీధుల మీదే చేసిన అధ్యయనంలో, చెట్లున్న చోట మధ్యాహ్నం గాలి వేడి 5.6 డిగ్రీల దాకా, రోడ్డు ఉపరితలం వేడి 27.5 డిగ్రీల దాకా తక్కువ ఉంది. టైల్స్ వేద్దామన్నాయనకి ఇది చాలు. రెండోది, 2020లో ఇక్కడి పరిశోధకులే కొండ తేనెటీగలని పట్టి చూస్తే, కాలుష్యం ఓ మోస్తరుగా, ఎక్కువగా ఉన్న చోట్ల దొరికిన వాటిలో 80 శాతానికి పైగా ఒక్క రోజులో చచ్చిపోయాయి. మీ కానుగ రేపు పూసినా ఈగ రావాలి కదా.

బోటనీ_మేడమ్ | గురువారం రాత్రి

వేడి లెక్క ఎదిగిన చెట్ల నీడది, అది కూడా చెప్పండి. నడుమెత్తు మొక్కలు ఇప్పుడేం శుభ్రం చేయలేవు. రెండు మూడు వేసవులు వాటినే మనం కాపాడాలి. "పెట్టాంగా, ఇంకా గాలి బాగుపడలేదే" అని అడిగేవాళ్ళు తప్పకుండా ఉంటారు.

మేడతోట_మారతహళ్లి | శనివారం సాయంత్రం

మాది 250 కేవీఏ. గొట్టం మూతి మొదటి అంతస్తు బాల్కనీ కంటే కిందే ఉంది. టైల్స్ అన్న పెద్దాయన ఫ్లాట్ సరిగ్గా దాని పైనే! ఫొటో గ్రూపులో పెట్టగానే గొట్టం పైకి లాగడానికి కొటేషన్ అడగమని ఆయనే ముందు అన్నారు. రేపు పొద్దున అన్నభేది పిచికారీ. తమ్ముడూ, రోడ్డు అంచున మొక్కల ముందు అడ్డుగా గన్నేరు ఒక వరుస వేస్తే ఎలా ఉంటుంది?

కడియం_కుర్రాడు | శనివారం రాత్రి

గన్నేరు దుమ్ముకి బాగా తట్టుకుంటుంది, నీళ్ళు కూడా తక్కువే. కానీ మొక్కంతా విషం. స్కూల్ బస్సు ఆగే చోట మాత్రం వద్దక్కా, అక్కడ కాగితం పూలు పెట్టండి. ఏదైనా ఇప్పుడు కాదు, జూన్‌లో వానలు పడ్డాకే. ఈలోగా ఆ వేపలకి ఊతకర్రలు కట్టండి, వేరు పట్టు లేని మొక్క ఏప్రిల్ గాలివానకి ఒరిగిపోతుంది.